కొత్తవాళ్ల ప్రోగ్రామింగ్ ప్రాబ్లమ్‌లకు హింట్లు ఒకే పద్ధతిలో రాయడం ఎలా?

ఆదివారం క్లాసులు చెప్పేవాళ్లు, కాలేజీ ల్యాబుల్లో జూనియర్లకు సాయం చేసే సీనియర్లు, విశాఖ రుషికొండ ఐటీ హిల్స్‌లో ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు పిల్లలకు పైథాన్ నేర్పేవాళ్లు అందరూ ఒకటే అడుగుతున్నారు. "ప్రాబ్లమ్‌లు తయారు చేసుకోగలుగుతున్నాం, హింట్ల దగ్గరే తేడా వస్తోంది. ఒకరు రెండు ముక్కల్లో వదిలేస్తున్నారు, ఇంకొకరు సగం ప్రోగ్రామ్ రాసేస్తున్నారు. అందరివీ ఒకేలా ఉండాలంటే ఏం చేయాలి?"

ఒకేలా ఉండడమంటే అన్నీ ఒకే పొడవుండడం కాదు. హింట్ తెరిచే ముందే విద్యార్థికి తనకు ఎంత సాయం అందబోతోందో తెలియాలి. మూడో ప్రాబ్లమ్‌లో మొదటి హింట్ ఒక చిన్న ప్రశ్న, నాలుగో ప్రాబ్లమ్‌లో మొదటి హింటే మొత్తం జవాబు అయితే పిల్లలు రెండు రకాలుగా తయారవుతారు. కొందరు జవాబు బయటపడిపోతుందని హింట్ ముట్టుకోరు, గంటసేపు అలాగే కూర్చుంటారు. మిగతావాళ్లు ప్రాబ్లమ్ చదవకుండానే హింట్లన్నీ వరసగా తెరిచేస్తారు. రెండింటికీ కారణం పిల్లల్లో లేదు, మనం రాసిన తీరులో ఉంది.

కావలసినవి

- ఎనిమిదో పదో ప్రాబ్లమ్‌లు. యాభైతో మొదలుపెట్టకండి. పద్ధతి కుదిరాక మిగతావి త్వరగా అయిపోతాయి.
- ప్రతి ప్రాబ్లమ్‌కూ మీరే రాసి, రన్ చేసి చూసుకున్న జవాబు. వీలైతే రెండు రకాలుగా: ఒకటి ఫర్ లూప్‌తో, ఒకటి వైల్ లూప్‌తో.
- విద్యార్థులు నిజంగా రాసిన తప్పు ప్రోగ్రాములు, ఒక్కో ప్రాబ్లమ్‌కు కనీసం ఐదు. ఎవరివో తెలియకుండా పేర్లు తీసేయండి.
- అందరూ చూడగలిగే ఒక గూగుల్ షీట్. అడ్డంగా ఒక్కో వరసలో ఒక్కో ప్రాబ్లమ్, నిలువు గళ్లలో హింట్ 1, హింట్ 2, హింట్ 3. షీట్ ఇలాగే వేసుకోండి, చివర్లో పరీక్షించేటప్పుడు అవసరం పడుతుంది.
- ప్రోగ్రామింగ్ తెలిసి, మీ ప్రాబ్లమ్‌లు ఇంతకుముందు చూడని ఒక మనిషి.

తప్పు ప్రోగ్రాములు ఇంకా చేతిలో లేకపోతే హింట్లు లేకుండానే ప్రాబ్లమ్‌ను ఒక బ్యాచ్‌కి ఇచ్చి చూడండి. ఒక్క ల్యాబ్ పీరియడ్‌లో కావలసినన్ని దొరుకుతాయి. ఊహించుకుని రాసిన హింట్లు మనం తడబడే చోటికి సరిపోతాయి తప్ప వాళ్లు తడబడే చోటికి సరిపోవు.

1. ముందు ప్రశ్నను బాగుచేయండి

ప్రశ్న అర్థం కాక అడిగే సందేహాలకు హింట్ రాయడం వృథా. అలాంటివి ప్రశ్నలోనే సరిచేయాలి. ఈ కింది రెండు చోట్ల ఎక్కువగా తేడా వస్తుంది.

ఒకటి, హద్దులు. "1 నుంచి 10 వరకు" అని రాస్తే చదివేవాళ్లు పదిని కూడా కలుపుకుంటారు. పైథాన్‌లో రేంజ్(1, 10) మాత్రం తొమ్మిదితో ఆగిపోతుంది. అందుకని ప్రశ్నలో "1 నుంచి 10 వరకు, 10తో సహా" అని రాయండి. అలాగే "40 పైన" అని వదిలేయకండి, "40 కంటే ఎక్కువ (40 లెక్కలోకి రాదు)" అని చెప్పండి.

రెండు, లిస్టులో స్థానం. మద్దిలపాలెం, ఇసుకతోట, వెంకోజీపాలెం, హనుమంతవాక, ఎండాడ, మధురవాడ అని స్టాపుల లిస్టు ఇచ్చి "రెండో స్టాపు ముద్రించండి" అంటే మనిషికి అది ఇసుకతోట. పైథాన్‌లో ఇండెక్స్ (స్థానం సంఖ్య) 0 నుంచి మొదలవుతుంది కాబట్టి ఇండెక్స్ 2 వేస్తే వెంకోజీపాలెం వస్తుంది. "రెండో స్టాపు" అనే మాట ప్రశ్నలో ఉండొచ్చు, దాని పక్కనే ఆశించే అవుట్‌పుట్ "ఇసుకతోట" అని కూడా ఉండాలి. ఇన్‌పుట్ ఒకటి, అవుట్‌పుట్ ఒకటి నమూనాగా ఇవ్వని ప్రశ్నను షీట్‌లోకి రానివ్వకండి.

2. మూడు మెట్లు ఏమిటో షీట్ పైన రాసిపెట్టండి

ఇదే అసలు పని. ఎవరు రాసినా ఈ నిర్వచనాలు దాటకూడదు.

హింట్ 1: ఎక్కడ చూడాలో చెబుతుంది. ఇందులో లూప్, ఇఫ్, ఫంక్షన్ లాంటి ప్రోగ్రామింగ్ మాట ఒక్కటీ ఉండదు. చిన్న ఉదాహరణ ఇచ్చి చేత్తో చేయమంటుంది, లేదా ప్రశ్నలో విద్యార్థి దాటేసిన ముక్కను చూపిస్తుంది.

హింట్ 2: దేనితో చేయాలో చెబుతుంది. వాడాల్సిన ఒక్క సాధనం పేరు, అది చెప్పిన పాఠం సంఖ్య ఉంటాయి. ఎలా వాడాలో చెప్పదు.

హింట్ 3: ఆకారం చూపిస్తుంది. ఖాళీలున్న అస్థిపంజరం, లేదా వేరే అంకెలతో చేసిన అలాంటిదే మరో చిన్న ప్రోగ్రామ్. కీలకమైన చోటు ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది.

మొత్తం జవాబు హింట్ కాదు. దాన్ని విడిగా, వేరే షీట్‌లోనో మరుసటి రోజో ఇవ్వండి. మూడో హింట్ తర్వాత జవాబు ఉందని తెలిస్తే మూడు హింట్లూ దానికి దారిలా మారిపోతాయి.

మూడు మెట్లు ఎక్కువనిపించేంత చిన్న ప్రాబ్లమ్ అయితే ఏం చేయాలని చాలామంది అడుగుతారు. "పేరు తీసుకుని నమస్కారం ముద్రించండి" లాంటి దానికి రెండో హింట్‌తో ఆపేయండి. మెట్టు మానేయొచ్చు, మెట్టు అర్థం మాత్రం మార్చకూడదు. హింట్ 3 అవసరం లేకపోతే ఆ గడిలో గీత పెట్టండి. హింట్ 2 గడిలో అస్థిపంజరం పెట్టకండి.

3. మాటల పట్టీ వేసుకోండి

షీట్‌లో రెండో పేజీ తెరిచి, ఒక్కో విషయానికి ఒక్క మాట రాయండి. వేరియబుల్, లిస్టు, ఇండెక్స్, లూప్, కండిషన్, ఫంక్షన్, రిటర్న్. ఇంజనీరింగ్ పిల్లలు ల్యాబులో వినేవి ఈ మాటలే కాబట్టి నేనైతే ఇవే వాడతాను. మీ పిల్లలు తెలుగు మీడియం హైస్కూలు నుంచి వచ్చినవాళ్లయితే చలరాశి, షరతు అని పెట్టుకున్నా తప్పు లేదు. కానీ ఒక హింట్‌లో చలరాశి, ఇంకో హింట్‌లో వేరియబుల్ అని వస్తే కొత్తగా నేర్చుకునేవాళ్లు అవి రెండు వేరు వేరు వస్తువులనుకుంటారు.

క్రియలూ అంతే. "ముద్రించండి", "చూపించండి", "ఇవ్వండి" అని కలిపి వాడేస్తాం. ప్రింట్ చేయడానికీ రిటర్న్ చేయడానికీ తేడా ఇంకా పట్టని వాళ్ల చేతిలో "ఫంక్షన్ మొత్తం ఇవ్వాలి" అనే హింట్ పెడితే వాళ్లు ఫంక్షన్‌లోపలే ప్రింట్ పెట్టేస్తారు. బయట ఆ ఫంక్షన్‌ను మళ్లీ ప్రింట్ చేస్తారు. జవాబు వస్తుంది, దాని కింద నన్ (ఫంక్షన్ ఏమీ తిరిగి పంపలేదని చెప్పే పైథాన్ మాట) అని ఇంకో లైను వస్తుంది. "సార్, కింద ఈ నన్ ఏటి సార్?" అని అడిగేది అప్పుడే. పట్టీలో "ముద్రించు అంటే ప్రింట్, తిరిగి పంపు అంటే రిటర్న్, ఇవ్వు అనే మాట వాడొద్దు" అని రాసుకుంటే ఈ గొడవ సగం తగ్గుతుంది.

సంబోధన కూడా ఇక్కడే తేల్చేయండి. క్లాసులో నోటితో "నువ్వు" అంటాం, రాతలో "మీరు" బాగుంటుంది. ఏదైనా సరే, షీట్ మొత్తం ఒక్కటే.

4. ఒక్కో తప్పుకు ఒక్కో తప్పు జవాబు వచ్చేలా డేటా ఎంచుకోండి

దీని మీద ఎంత సమయం పెట్టినా వృథా కాదు. ఒక ఉదాహరణ పూర్తిగా చూద్దాం.

ప్రాబ్లమ్: ఎంవీపీ రైతు బజార్లో ఐదు కూరగాయల కిలో ధరలు ఒక లిస్టులో ఉన్నాయి. 40 రూపాయల కంటే ఎక్కువ ధర ఉన్నవి ఎన్నో ముద్రించాలి (40 లెక్కలోకి రాదు).

ఏవో ఐదు అంకెలు వేసేయొచ్చు. 30, 45, 60, 35, 25 అనుకోండి, జవాబు 2. కానీ లిస్టులో మొదటి ధరను వదిలేసినా 2 వస్తుంది. చివరిది వదిలేసినా 2. "ఎక్కువ" బదులు "ఎక్కువ లేదా సమానం" పెట్టినా 2. మూడు రకాల తప్పులు చేసినవాళ్లు కూడా సరైన జవాబు వచ్చిందని సంతోషంగా వెళ్లిపోతారు.

ఇప్పుడు ఇలా మార్చండి: 60, 45, 30, 40, 55. సరైన జవాబు 3. తప్పులు చేస్తే వచ్చేవి చూడండి.

- 4 వస్తే: 40ని కూడా కలిపారు. కండిషన్‌లో సమానం గుర్తు ఉంది.
- 2 వస్తే: మొదటి ధరో చివరి ధరో లూప్‌లోకి రాలేదు.
- 1 వస్తే: లెక్కపెట్టే వేరియబుల్‌ను లూప్ లోపల ప్రతిసారీ 0 చేస్తున్నారు. అందుకే చివరి 55 ఒక్కటే మిగిలింది.
- 160 వస్తే: ఒకటి కలపాల్సిన చోట ధరను కలిపారు.
- 1, 2, 2, 2, 3 అని ఐదు లైన్లు వస్తే: ప్రింట్ లూప్ లోపల ఉంది.

2 వచ్చినప్పుడు మొదటిదా చివరిదా తెలియదు కాబట్టి రెండో పరీక్ష కావాలి: 60, 30, 20. సరైన జవాబు 1. మొదటిది వదిలేస్తే 0, చివరిది వదిలేస్తే 1. అంటే రెండు పరీక్షలు కలిపి చూస్తే ఏది వదిలేశారో చెప్పేయొచ్చు.

ఈ పట్టికే మీ హింట్లకు ముడిసరుకు. పట్టిక పూర్తి కాకుండా హింట్ రాయడం మొదలుపెట్టకండి.

ఒక జాగ్రత్త. తప్పు జవాబు నమ్మేలా కనిపించే డేటా పెట్టకూడదు. లంబసింగి డిసెంబరు ఉష్ణోగ్రతల్లో అతి తక్కువది కనుక్కోమని ఒక ప్రాబ్లమ్ అనుకోండి. డేటా 12, 7, 9, 5. కనిష్ఠాన్ని 0తో మొదలుపెట్టిన ప్రోగ్రామ్ 0 ముద్రిస్తుంది. లంబసింగి చలి అందరికీ తెలుసు కాబట్టి ఆ సున్నాను ఎవరూ అనుమానించరు. ఇదే ప్రాబ్లమ్‌ను కూరగాయల ధరల మీద ఇస్తే, కిలో సున్నా రూపాయలంటే పిల్లలే ఆగి చూస్తారు.

5. ఇప్పుడు మూడు హింట్లూ రాయండి

అదే రైతు బజార్ ప్రాబ్లమ్‌కు:

హింట్ 1: "60, 45, 30, 40, 55 ధరలను కాగితం మీద ఒక్కొక్కటిగా చూస్తూ లెక్కపెట్టండి. 40 దగ్గరికి వచ్చినప్పుడు మీరేం చేశారు? లెక్కపెట్టడం మొదలుపెట్టక ముందు మీ మనసులో ఉన్న అంకె ఏది?"

హింట్ 2: "లిస్టులో ప్రతి ధరనూ ఒకసారి చూడడానికి లూప్ వాడండి (పాఠం 6)."

హింట్ 3: ఖాళీలు నింపండి.

ఎన్ని = ____
ధరలులో ఉన్న ప్రతి ధరకు:
        ధర ____ 40 అయితే:
                ఎన్ని = ____
ఎన్ని ముద్రించు

ఇక్కడ తెలుగు మాటల్లో చూపించాను. మీ షీట్‌లో పైథాన్ అయితే పైథాన్‌లో, సీ అయితే సీలో రాయండి. రెండూ నేర్పేవాళ్లు ఇలా మాటల్లోనే ఉంచుకుంటే ఒకే హింట్ రెండు బ్యాచ్‌లకూ సరిపోతుంది.

హింట్ 1లో ఉన్న రెండు ప్రశ్నలూ పట్టికలోంచి వచ్చినవే. 40 గురించి అడిగింది 4 వచ్చినవాళ్ల కోసం. మొదలుపెట్టే ముందు ఉన్న అంకె గురించి అడిగింది 1 వచ్చినవాళ్ల కోసం. వాళ్లకు తమ తప్పు ఏమిటో చెప్పలేదు, తప్పు ఉన్న చోటికి తీసుకెళ్లి వదిలాం.

హింట్ 2లో "ఫర్ లూప్" అనలేదు, "లూప్" అని ఊరుకున్నాం. వైల్‌తో సగం రాసుకున్న విద్యార్థి "ఫర్ లూప్ వాడండి" అని చదివితే తాను రాసిందంతా చెరిపేస్తారు. వాళ్ల దారి సరైనదే అయినా సరే. పాఠం ఫర్ లూప్ గురించే అయితే ఆ మాట ప్రశ్నలోనే ఉండాలి.

6. ఎర్రర్ వచ్చినప్పటి హింట్లను వేరుగా ఉంచండి

ప్రోగ్రామ్ అసలు రన్ కాకపోతే పై మూడు మెట్లూ పనికిరావు. ఎర్రర్ల కోసం అన్ని ప్రాబ్లమ్‌లకూ కలిపి ఒకే పేజీ పెట్టండి. ప్రతి దానికీ మూడు ముక్కలు, అదే వరసలో: ఏం కనిపించింది, ఎక్కడ చూడాలి, ఏ ప్రశ్న వేసుకోవాలి.

ఉదాహరణకు కీబోర్డు నుంచి ధరలు, కిలోలు తీసుకునే ప్రాబ్లమ్. పైథాన్‌లో ఇన్‌పుట్ ఎప్పుడూ అక్షరాల వరసగానే, అంటే స్ట్రింగ్‌గానే వస్తుంది. 40, 30 టైప్ చేసి కలిపితే 70 బదులు 4030 వస్తుంది. 40ని అలాగే ఉంచి, కిలోలను (2) మాత్రం ఇంట్‌గా, అంటే పూర్ణసంఖ్యగా మార్చి గుణిస్తే 4040 వస్తుంది. రెండింటినీ మార్చకుండా గుణిస్తే టైప్ ఎర్రర్. ఒకే పొరపాటు మూడు రూపాల్లో కనిపిస్తుంది కాబట్టి మూడింటినీ రాసి ఒకే హింట్‌కు చేర్చండి: "అంకెలు పక్కపక్కన అతుక్కుని వచ్చాయా, లేదా గుణకారం ఉన్న లైన్లో టైప్ ఎర్రర్ వచ్చిందా? ఇన్‌పుట్ తీసుకున్న లైను చూడండి. అక్కడ వచ్చింది సంఖ్యా, స్ట్రింగా?"

ఎర్రర్ సందేశాన్ని ఉన్నదున్నట్టు హింట్‌లో కాపీ చేస్తున్నారా? ఏ వెర్షన్‌లో వచ్చిందో పక్కన రాయండి. 2021లో వచ్చిన పైథాన్ 3.10 నుంచి సింటాక్స్ ఎర్రర్ల సందేశాలు బాగా మారాయి. కోలన్ మర్చిపోతే పాత వెర్షన్లు ఇన్‌వాలిడ్ సింటాక్స్ అని మాత్రమే అంటాయి, కొత్తవి కోలన్ ఉండాలని నేరుగా చెబుతాయి. ఇంట్లో కొత్త ల్యాప్‌టాప్, ల్యాబులో పాత సిస్టమ్ ఉన్న విద్యార్థికి హింట్‌లో రాసింది ఒకచోట కనిపిస్తుంది, ఇంకోచోట కనిపించదు.

సీలో ఈ తేడా ఇంకా ఎక్కువ. ఫ్యాక్టోరియల్ ప్రాబ్లమ్ తీసుకోండి. పాతకాలం సీ కంపైలర్ టర్బో సీ ఇంకా నడుస్తున్న ల్యాబుల్లో ఇంట్ 16 బిట్లు, 32767 దాటితే పట్టదు. 7కి 5040 సరిగానే వస్తుంది, 8కి 40320 బదులు మైనస్ 25216 కనిపిస్తుంది. ఇప్పటి సీ కంపైలర్ జీసీసీలో ఇంట్ సాధారణంగా 32 బిట్లు కాబట్టి 12 వరకు బాగానే ఉండి 13 దగ్గర చెడుతుంది. పైథాన్‌లో ఈ సమస్యే లేదు. "మైనస్ వచ్చిందా? వేరియబుల్ రకం చూడండి" అనే హింట్ మొదటి ల్యాబులో బంగారం. మూడో చోట, అంటే పైథాన్‌లో, అర్థం లేని మాట. ఒకే షీట్ అందరికీ ఇస్తున్నట్టయితే "ఎక్కడ పరీక్షించాం" అని ఒక గడి తప్పకుండా ఉండాలి.

7. పంపే తీరును బట్టి సర్దండి

వాట్సాప్ గ్రూపులో పంపేవాళ్లు జాగ్రత్త. అక్కడ రెండు నక్షత్రాల మధ్య ఖాళీ లేకుండా ఉన్న మాట బోల్డ్ అయిపోయి నక్షత్రాలు మాయమవుతాయి. గుణకారం గుర్తులే పోయాయంటే హింట్ ఏమవుతుందో ఆలోచించండి. కోడ్‌కు ముందూ వెనకా మూడేసి బ్యాక్‌టిక్‌లు (` గుర్తులు) పెడితే ఉన్నదున్నట్టు ఉంటుంది. వర్డ్‌లో టైప్ చేసి కాపీ చేస్తే కొటేషన్ గుర్తులు వంకర తిరిగినవి వస్తాయి, వాటిని పైథాన్ ఒప్పుకోదు. ఫోన్ తెర మీద పొడవాటి లైన్లు విరిగి, ఇండెంటేషన్ (లైను మొదట్లో వదిలే ఖాళీ) ఎక్కడుందో తెలియకుండా పోతుంది. అస్థిపంజరం లైన్లు పొట్టిగా ఉంచండి, కుదరకపోతే స్క్రీన్‌షాట్ పంపండి.

కంప్యూటర్లు తక్కువ ఉన్నచోట కాగితం మీదే ఇవ్వండి. ప్రశ్న ముందు పేజీలో, మూడు హింట్లు వెనక పేజీలో కింద నుంచి పైకి మడతలు పెట్టి. ఒక్కో మడత విప్పే ముందు "ఇప్పటిదాకా నేనేం ప్రయత్నించాను" అని ఒక లైను రాయమనండి. హింట్లు గబగబా తెరిచేసే అలవాటుకు నాకు తెలిసినంతలో ఇంతకంటే మంచి మందు లేదు. గూగుల్ ఫామ్‌లో కూడా ఇదే చేయొచ్చు: ఆ లైను రాస్తేనే తర్వాతి సెక్షన్ తెరుచుకునేలా.

చాట్‌బాట్‌తో హింట్లు రాయించుకుంటే? మొదటి చిత్తుప్రతికి పనికొస్తుంది. అయితే మెట్ల నిర్వచనాలు, మాటల పట్టీ, మీ తప్పుల పట్టిక మూడూ ముందే ఇవ్వాలి. లేకపోతే హింట్ 1లోనే జవాబు చెప్పేస్తుంది, ప్రాబ్లమ్ ప్రాబ్లమ్‌కూ మాటలు మార్చేస్తుంది. అది ఇచ్చిన ప్రతి అస్థిపంజరాన్నీ ఖాళీలు నింపి రన్ చేశాకే షీట్‌లో పెట్టండి.

ఎక్కువగా కనిపించే తప్పులు

"సింపులే", "తెలిసిందే కదా", "ఒక్క లైను రాస్తే చాలు." హింట్ తెరిచిన మనిషి అప్పటికే టెన్షన్‌లో ఉన్నారు. వాళ్లకు కష్టమైనదాన్ని సులువని చెబితే ఇంకొంచెం కుంగిపోతారు. ఈ మాటలను షీట్‌లో వెతికి తీసేయండి.

ప్రశ్ననే తిరగరాయడం. "40 కంటే ఎక్కువ ఉన్న ధరలను గుర్తించి లెక్కపెట్టాలి" అనేది హింట్ కాదు, రెండోసారి చెప్పిన ప్రశ్న. ఇలాంటిది రెండుసార్లు ఎదురైతే పిల్లలు హింట్లు తెరవడం మానేస్తారు.

ఒకే హింట్‌లో ఒకటికి మించి సాధనాలు. "లూప్ లోపల ఇఫ్ పెట్టి శేషం కనుక్కోండి" అంటే విద్యార్థి ఆగిపోయింది ఎక్కడో మనకు తెలియకుండానే మూడు తలుపులూ తెరిచేశాం. హింట్ 2కి ఒక్క సాధనమే. ప్రాబ్లమ్‌కు నిజంగా రెండు కొత్త సాధనాలు కావాలంటే అది రెండు ప్రాబ్లమ్‌లు, విడగొట్టండి.

హింటే తప్పు నేర్పడం. నన్నడిగితే అన్నిటికంటే ప్రమాదం ఇదే. కనిష్ఠం కనుక్కునే ప్రాబ్లమ్‌లో "100తో మొదలుపెట్టండి" అని రాస్తే ఉష్ణోగ్రతలకు పనిచేస్తుంది. తర్వాతి వారం అదే పిల్లలు చేపల ధరల మీద అదే పని చేస్తారు. అక్కడ ప్రతి ధరా 300 పైన ఉంటే జవాబు 100 వస్తుంది. "లిస్టులో మొదటి విలువతో మొదలుపెట్టండి" అంటే ఎక్కడైనా నిలబడుతుంది. హింట్‌లో ఏదైనా అంకె కనిపిస్తే ఆగండి: అది ప్రశ్నలోంచి వచ్చిందా, మీ తలలోంచి వచ్చిందా?

మీ జవాబుకు మాత్రమే సరిపోయే హింట్. మీరు రాసిన రెండో రకం జవాబు దగ్గర పెట్టుకుని హింట్లు చదవండి. అది రాస్తున్న విద్యార్థికి ఏదైనా హింట్ అడ్డం వస్తే, ఆ హింట్ మార్చాలి.

సరిగ్గా వచ్చాయో లేదో చూసుకోవడం

నిలువుగా చదవండి. రాసేటప్పుడు అడ్డంగా, ఒక్కో ప్రాబ్లమ్‌కు మూడు హింట్లూ రాస్తాం. చూసేటప్పుడు హింట్ 1 గడులన్నీ పై నుంచి కిందికి ఒక్క ఊపులో చదవండి. లూప్, ఇండెక్స్ అనే మాట ఎక్కడైనా తగిలితే అది తర్వాతి మెట్టులో ఉండాల్సిన హింట్, ముందుకు వచ్చేసింది. తర్వాత హింట్ 2 గడులన్నీ. అడ్డంగా చదివితే కనపడని తేడాలు ఇలా చదివితే వెంటనే తెలుస్తాయి.

ప్రశ్నను మూసి హింట్ 1 మాత్రం చదవండి. అది ఏ ప్రాబ్లమ్‌కైనా సరిపోయేలా ఉంటే ("ఇన్‌పుట్‌ను జాగ్రత్తగా గమనించండి" లాంటివి) కొట్టేసి మళ్లీ రాయండి.

ప్రశ్నను మూసి హింట్ 3 మాత్రం ఇంకొకరికి ఇవ్వండి. ప్రశ్న చదవకుండానే ఖాళీలన్నీ సరిగ్గా నింపగలిగితే మీరు జవాబు ఇచ్చేశారు. ఒక ఖాళీ పెంచండి. పై ఉదాహరణలో ధరకూ 40కీ మధ్య ఉన్న ఖాళీని ప్రశ్న చదవకుండా నింపడం కుదరదు. అదొక్కటి చాలు.

హింట్లను విడివిడి చీటీలుగా చింపి, కలిపేసి, మూడు మెట్ల నిర్వచనాలతో పాటు మీ ప్రాబ్లమ్‌లు చూడని ఆ మనిషికి ఇవ్వండి. ఏది 1, ఏది 2, ఏది 3 అని వాళ్లు కుప్పలు పెట్టాలి. వేరే కుప్పలోకి వెళ్లిన చీటీ గురించి వాదించకండి. నిర్వచనం వాళ్లకూ తెలుసు, చీటీయే సరిగా లేదు.

చివరిగా, ఇద్దరు ముగ్గురు విద్యార్థుల పక్కన కూర్చుని చూడండి. మాట్లాడకూడదు. ఇది చాలా కష్టం, నోరు దానంతటదే తెరుచుకుంటుంది. హింట్ తెరిచాక వాళ్ల చెయ్యి కీబోర్డు మీదికి వెళ్లిందా, కాగితం మీదికి వెళ్లిందా, మళ్లీ తర్వాతి హింట్ మీదికే వెళ్లిందా గమనించి రాసుకోండి. హింట్ 1 తర్వాత కాగితం తీస్తే అది పనిచేసినట్టు. ముగ్గురూ నేరుగా హింట్ 2కి వెళ్లారంటే హింట్ 1 వాళ్ల ఇబ్బందిని తాకలేదు. తప్పుల పట్టిక దగ్గరికి తిరిగి వెళ్లండి, అక్కడ రాయని తప్పు ఇంకేదో వాళ్లు చేస్తున్నారు. దాన్ని పట్టికలో చేర్చి, ఆ తప్పుకు వేరే జవాబు వచ్చేలా డేటా సరిచేసి, హింట్ 1 మళ్లీ రాయండి.

షీట్ ఒకసారి కుదిరాక కూడా ఒక నియమం పెట్టుకోండి. ప్రశ్నలో ఒక్క అంకె మార్చినా ఆ వరసలో ఉన్న తప్పుల పట్టిక మళ్లీ రన్ చేయాలి, మూడు హింట్లూ మళ్లీ చదవాలి, చివరిసారి ఎప్పుడు పరిశీలించామో రాసే తేదీ గడి ఒకటి పెట్టుకుని దాన్ని మార్చాలి. తేదీ పాతగా, ప్రశ్న కొత్తగా ఉన్న వరసను పరిశీలించేదాకా పిల్లలకు ఇవ్వకండి.